నీళ్ళకు పోని పసుపు

దగ్గరికి జరిగి కూర్చోండి. పీట దొరకకపోతే ఆ గోనెపట్టా మీదనే కూర్చోండి. బట్టలకు పసుపు అంటుతుందేమోనని చూడకండి, ఆర్మూరులో పసుపు అంటని గోనె ఎక్కడి నుంచి తేను? నేను చెప్పబోయేది కూడా ఆ పసుపు సంగతే. మా ఇంటికి వచ్చిన జబ్బు సంగతి, ఆ జబ్బు కొంగు పట్టుకుని వెనకాలే వచ్చిన శోధన సంగతి. నాకు చదువు తక్కువ. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే బోధకురాలు మా అరుగు మీద కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలే నా చదువు. అందుకని నేను చెబుతుంటే మా బిడ్డ రూతు రాస్తున్నది. రాత దానిది, జ్ఞాపకం నాది. ఏ పూట ఏం వండానో, ఎవరు ఏ మాటన్నారో, అన్నీ నాకు నిన్నటిలాగే ఉన్నాయి.

నా పేరు మార్తమ్మ. మా ఆయన పేరు యోహాను. ఇంట్లో మేమిద్దరం, మా అత్త దేవమ్మ, అప్పటికి ఎనిమిదేళ్ళ రూతు. మా ఆయనకు అంగడిలో ఒక సేటు దుకాణంలో పీపా తిప్పే పని. తెలియనివాళ్ళకు చెబుతాను. రైతులు పసుపును తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి అంగడికి తెస్తారు. ఎండిన కొమ్ము మీద గరుకు పొట్టు ఉంటుంది. ఇనుప జాలీ చుట్టిన పెద్ద పీపాలో కొమ్ములు పోసి, అటొకరు ఇటొకరు పిడి పట్టి తిప్పితే అవి ఒకదానికొకటి ఒరుసుకుని పొట్టు రాలి మెరుస్తాయి. రాలిన పొట్టంతా దుమ్మై లేస్తుంది. తిప్పేవాళ్ళ ముక్కులో, గొంతులో, రెప్పల కింద, చెవుల వెనక అంతా పసుపే. ఆ దుమ్ము గొంతు దిగాలని, సాయంత్రం పీపా ఆగాక సేటు వాళ్ళకు కూలి కాక తలా ఒక ముంత కల్లు పోయించేవాడు. దాన్ని దుమ్ముకల్లు అనేవాళ్ళు. ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. అది తాగనివాడితో కలిసి పీపా పట్టడానికి ఎవరూ ఇష్టపడేవారు కాదు.

మా ఆయన దుమ్ముకల్లుతోనే మొదలుపెట్టాడు. ఒక ముంత రెండు ముంతలైంది. పీపాలు లేని వానాకాలంలో కూడా గొంతు అడగడం మొదలుపెట్టింది. తర్వాత సారా. మనిషి చెడ్డవాడు కాదు. నా మీద చెయ్యెత్తి ఎరగడు. తాగి వస్తే గోడకు ఆనుకుని కూర్చుని, గుడిలో పాడే కీర్తనలు తప్పులతో పాడేవాడు. మా అత్త నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. అదే నేను చేసిన మొదటి తప్పు.

అరవై రెండో సంవత్సరం, హోలీ దాటాక. శనివారం సాయంత్రాలు ఆయనకు నేనే ఒళ్ళు రుద్దేదాన్ని, ఆదివారం గుడికి శుభ్రంగా పోవాలి కదా. ఇంటి వెనక నీళ్ళు పారే జాలారు బండ మీద కూర్చోబెట్టి, కుంకుడు రసం పోసి రుద్దితే నీళ్ళు పచ్చగా పారేవి. మూడు నాలుగు చెంబులు పోసేసరికి తేటపడేవి. ఆ శనివారం నీళ్ళు తేటపడ్డాయి గానీ మనిషి తేటపడలేదు. మళ్ళీ రుద్దాను. పీచు పెట్టి వీపు ఎర్రబడేదాకా రుద్దాను.

"ఏమే, తోలు తీస్తవా ఏంది?" అన్నాడు.

"పసుపు పోతలేదయ్యా."

"పసుపు కొట్ల పని జేసేటోడు తెల్లగ ఎట్లుంటడే? పోనీ, రేపు గుడిల అయ్యగారు నన్ను పెండ్లికొడుకు అనుకుంటడు తీ."

నేనూ నవ్వి తువాలు ఇచ్చాను. ఇంకొక ఊళ్ళో అయితే ఆ రంగు చూసి పది రోజుల ముందే గుర్తుపట్టేవాళ్ళు. మా ఊళ్ళో పసుపు పని దినాల్లో కుక్కలు కూడా పచ్చగానే తిరుగుతాయి. అన్నం సయించడం లేదంటే దుమ్ము అనుకున్నాం. కళ్ళు మండుతున్నాయంటే దుమ్ము అనుకున్నాం. మా వాడలో ఆడవాళ్ళం కాళ్ళకు ముఖానికి పసుపు పూసుకోము. అయినా పసుపు మా ఇంట్లోకి వచ్చి, ఆయన కంటిలో కూర్చున్నదని మాకు తెలియలేదు. మర్నాడు గుడి బయట ఎండలో నిలబడ్డప్పుడు మా అత్త ఆయన గడ్డం పట్టి పైకెత్తి చూసింది.

"ఓ బిడ్డా, కండ్లు జూడు. కామెర్లే ఇవి. వారం దినాల సంది పక్కల పండుకుంటున్నవు, నీకు కండ్లు లేవానే పిల్లా?" అని నన్నే అన్నది. అన్న మాటలో అబద్ధం ఏముంది?

ఇక రెండో తప్పు చెబుతాను. ఇది నేను చేతులారా చేసింది.

మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు నర్సాగౌడు. ఈతచెట్లు ఎక్కేవాడు. సేటు దుకాణానికి దుమ్ముకల్లు పోసేది కూడా అతనే. నన్ను చెల్లె అని పిలిచేవాడు. సంగతి తెలియగానే మర్నాడు పొద్దు పొడవకముందే కొత్త ముంత పట్టుకుని వచ్చాడు.

"చెల్లె, ఫికర్ జేయకు. ఒంట్లె వేడి ముదిరి కామెర్లైనయి. గిది అప్పుడే దించిన ఈత కల్లు, ఎండ తగలలే. పరగడుపున తాగితే తొమ్మిది దినాలల్ల కడిగేసినట్టు పోతయి. మా నాయిన గిట్లనే ఎంత మందినో బాగుజేసిండు. పైసలు గియిసలు అనకు, యోహాను నాకు తమ్ముని లెక్క."

మా చుట్టుపక్కల కామెర్లకు అందరూ చేసే వైద్యం అదే. విషమని ఎవరం అనుకోలేదు. నేనే గ్లాసులో పోసి, నేనే ఆయన నోటికి అందించాను. ప్రార్థన చేసి మరీ ఇచ్చాను. తొమ్మిది పొద్దులు. ఐదో పొద్దుకు ఆయన కడుపు బిగిసింది. ఏడో పొద్దుకు కాళ్ళు ఉబ్బాయి. నేను మొదలుపెట్టింది మధ్యలో ఆపితే ఏమవుతుందోనని తొమ్మిదీ నిండా పోశాను.

పదో రోజు నర్సాగౌడే ఆయన్ని చంకల కింద చేతులు వేసి ఎత్తి బస్సెక్కించాడు. నిజామాబాదు దిక్కు పోయే దారిలో మిషన్ దవాఖాన ఒకటి ఉండేది. వరండాలో సిమెంటు అరుగు మీద పొద్దంతా కూర్చున్నాం. నా పక్కన దొంకేశ్వర్ నుంచి వచ్చిన ఒక తల్లి, ఒళ్ళో పసిబిడ్డ. మా ఆయన తల నా భుజం మీద నిలవడం లేదని చూసి, తన బిడ్డ కింద పరిచిన బొంతను తీసి ఆయన తల కింద పెట్టింది. "నా బిడ్డెకు నా ఒడి ఉన్నది గదక్కా" అన్నది. ఆమె పేరు అడగాలని నాకు తోచలేదు. ఆ బొంత మాత్రం నాకు ఇప్పటికీ కనబడుతుంది, మూలకు ఎర్ర గుడ్డ అతుకు.

డాక్టరమ్మ సర్కారు జిల్లాల మనిషి, కోస్తా దిక్కు. ఆయన కడుపు నొక్కి చూసి అడిగింది.

"ఇంట్లో ఏమైనా మందు ఇచ్చారా అమ్మా?"

"ఈత కల్లు ఇచ్చిన డాక్టరమ్మా. పొద్దుగాల పొద్దుగాల. తొమ్మిది దినాలు."

ఆమె లేచింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తిట్టినా బాగుండేది.

"మీ ఆయన కార్జం తాగుడుకు చెడిపోయింది. ఈసారి బతికితే అది దేవుడి దయ. బతికాక ఒక్క చుక్క పడినా నేను చేసేది ఏమీ ఉండదు. కల్లు, సారా, ఏదైనా సరే. మందు పేరుతో కూడా వద్దు. అర్థమైందా?"

అర్థమైంది. నాలుగు రోజుల తర్వాత అంతకంటే బాగా అర్థమైంది. తాగుడు ఆగిన ఒళ్ళు ఎట్లా ఏడుస్తుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. చేతులు వణికి, గంజి తాగే చెమ్చా పళ్ళకు కొట్టుకునేది. ఎదుటి గోడ పీపాలాగా తిరుగుతున్నదని, పట్టుకొమ్మని కేకలు పెట్టేవాడు. "మార్తా, జోడీ లేడు, పిడి పట్టు, లేకుంటే దవడ పగులుతది" అనేవాడు. పీపా పనిలో అదొక భయం. నిండిన పీపాను ఇద్దరు తిప్పుతున్నప్పుడు ఒకడు చెప్పకుండా చేయి వదిలితే, బరువంతా గిరుక్కున తిరిగి రెండోవాడి మీదికి వస్తుంది. నేను పక్కన కూర్చుని ఉత్త గాలిలో పిడి పట్టుకున్నట్టు చేతులు పెట్టేదాన్ని. పట్టుకున్నానని "వట్టిన, వట్టిన" అనేదాన్ని. అప్పుడు జర శాంతించేవాడు.

ఐదో రోజు మధ్యాహ్నం ఆయన నా కాళ్ళు పట్టుకున్నాడు. మొగుడు కాళ్ళు పట్టుకుంటే ఏ ఆడదానికి ఓర్పు ఉంటుంది?

"ఒక్క గుక్క. నీ బాంచెన్. గొంతు తడిస్తే సాలు. ఎట్లన్న సచ్చేదే గద, గిట్ల ఎండి సావనియ్యకు."

దవాఖాన గేటు దాటి రోడ్డు మలుపులో కల్లు దుకాణం ఉంది. నేను నీళ్ళ చెంబు పట్టుకుని లేచాను. నీళ్ళకే పోతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. బావి దాటాను. గేటు దాటాను. చిన్నప్పుడు గుడిలో చూపించిన పటాల్లో సైతాను నల్లగా, వికారంగా ఉండేవాడు. అటువంటివాడు వస్తే గుర్తుపట్టి పొమ్మందును. నా దగ్గరికి అట్లా రాలేదు. నా మొగుడి మీద నాకున్న జాలి లోపల కూర్చుని వచ్చాడు. "ఒక్క గుక్కకేం గాదు, ఆయన ఏడుపు ఆగుతుంది, రేపటి నుంచి మాన్పించు" అని నా గొంతుతోనే నాతో మాట్లాడాడు. చెంబు నిండింది.

తిరిగి వస్తూ దవాఖాన గోడ పక్క వేపచెట్టు కింద కూర్చున్నాను. చెంబును ముందు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, దీన్ని పారబోసే బలం నాకు లేదు. నువ్వే వచ్చి తన్నెయ్యి. కుక్కనన్నా పంపు, ఆవునన్నా పంపు, గాలినన్నా పంపు" అని అడిగాను. కళ్ళు తెరిచాను. చెంబు అట్లాగే ఉంది. కుక్క రాలేదు, గాలి రాలేదు. అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. కల్లు నురగ మీద ఒక చీమ తిరుగుతున్నది, అంతే.

నేను సగం పారబోశాను. ఇది దాచకుండా చెప్పాలి. నాకు సగమే చేతనైంది. మిగిలిన సగం కొంగు కింద పెట్టుకుని లోపలికి తీసుకుపోయాను.

మంచం దాకా పోకముందే ఆయనకు వాసన తగిలింది. ముక్కుపుటాలు అదిరాయి. చెయ్యి నా దిక్కు లేచింది, సగం దూరం వచ్చి గాలిలో వణికింది. ఆ చెయ్యిని ఆయన రెండో చేత్తో పట్టుకుని కిందికి గుంజుకున్నాడు. ముఖం గోడ దిక్కు తిప్పుకుని ఏడ్చాడు.

"తీస్కపో మార్తా. నా చేతులు నా మాట ఇంటలేవు. నీ చేతులన్న ఇననీ."

పోయి జాలారులో పోశాను. చెంబును మట్టి పెట్టి తోమాను, మళ్ళీ తోమాను. నన్ను ఆపమని నేను అడిగినప్పుడు ఎవరూ ఆపలేదని దేవుని మీద అలిగాను. కాని నా చేత సగం పారబోయించినదెవరు, ఒళ్ళంతా కల్లును అడుగుతుంటే ఆయన నోట ఆ మాట పలికించినదెవరు? నాకు జవాబు తెలియదు. తెలిసినట్టు చెప్పను. ఆ రోజు నుంచి మాత్రం నా ప్రార్థన మారింది. "తన్నెయ్యి" అని అడగలేదు. "ప్రభువా, మా ఇద్దరిలో ఒక్కరి చెయ్యన్నా పిడి మీద ఉండనియ్యి" అని అడిగాను.

ఇరవై రోజులకు ఇంటికి వచ్చాం. శ్రమల దినాలు అయిపోయి ఈస్టరు కూడా దాటింది. అక్కడి భయం ఒక తీరు, ఇంటి భయం ఒక తీరు. దవాఖానలో వద్దన్నది డాక్టరమ్మ. ఇంట్లో వద్దనాల్సింది నేను, అదీ మమ్మల్ని ప్రేమించేవాళ్ళతో.

నర్సాగౌడు ముంత పట్టుకుని వచ్చాడు. నేను గడప దగ్గరే అడ్డం నిలబడ్డాను.

"అన్నా, లోపటికి రా, కూసో, అన్నం తిను. ముంత మాత్రం ఆడనే పెట్టు."

అతని ముఖం మాడిపోయింది. "నా చెట్టు కల్లు విషమైందా చెల్లె? తొమ్మిది దినాలు పానం వెట్టి తెచ్చిన గద?"

"నువ్వు పానం వెట్టి తెచ్చినవు. నేను పానం వెట్టి పోసిన. ఇద్దరం కలిసి సంపేటోళ్ళం అన్నా."

అతను వెనక్కి తిరిగాడు. ముంత తీసుకుని వెళ్ళిపోయాడు. రెండేళ్ళ దాకా మా గడప తొక్కలేదు. చెడ్డవాణ్ణి దూరం పెట్టడం సులువు. మనకోసం తెల్లవారకముందే చెట్టెక్కినవాణ్ణి వాకిట్లో నిలబెట్టడమే కష్టం.

మా అత్త మాత్రం నాతో పోరాడింది. "మీ మామ పండు ముసలి దాక తాగిండు, రాయి లెక్కుండె. కానా ఊరి పెండ్లిల ప్రభువే నీళ్ళను ద్రాక్షరసం జేసిండు గదనే, నువ్వు ఆయన కన్న పెద్ద భక్తురాలివా?"

"ఆ పెండ్లిల కార్జం చెడిన పెండ్లికొడుకు లేడత్తా."

"నోరు జూడు నోరు!" అన్నది గానీ, నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నది.

ఆయనను అన్నిటికంటే కుంగదీసింది ఇంకొకటి ఉంది. మా గుడిలో ప్రభువు బల్ల ఇచ్చేనాడు, రొట్టెతోపాటు గిన్నెలో పులిసిన నిజమైన ద్రాక్షారసమే ఇచ్చేవారు. మొదటిసారి ఆయన లేచి రెండడుగులు వేసి, వాసన తగలగానే వెనక్కి తిరిగి బయటికి పోయాడు. అప్పటి నుంచి బల్ల ఇచ్చే ఆదివారం ఆయనకు ఏదో ఒక పని పడేది. "నేను ముట్టరాని మనిషినైన" అన్నాడు ఒకసారి. దేవుని గిన్నె దగ్గర కూడా ఆయనకు శోధనే ఎదురైతే ఇక ఎక్కడికి పోవాలి?

అరవై మూడు ఏదో గడిచింది. ఆయన పీపా మానేసి, ఆడవాళ్ళతో కూర్చుని కొమ్ములు ఏరే పని చేశాడు. అరవై నాలుగు మాఘంలో ఒళ్ళు కాస్త నిండింది. సేటుకు పీపా దగ్గర మనిషి తక్కువైతే కబురు పెట్టాడు. నేను వద్దన్నాను. "ఆడోళ్ళల్ల కూసుంటే నన్ను యోహానమ్మా అని పిలుస్తున్నరే" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ళు చూసి నేను నోరు మూసుకున్నాను.

నేను సేటు దగ్గరికి పోయి బతిమాలాను కూడా. "అయ్యా, అందరికి పోయుండ్రి, మా ఆయనకు మాత్రం పోయకుండ్రి." సేటు మంచిగానే మాట్లాడాడు. "గది నేను పెట్టిన ఆచారమా అమ్మా? అందరికి పోసి ఒక్కనికి ఆపితే ఆని ముఖం ఎట్లుంటది? వద్దంటే ఆడే వద్దనాలె గద." అదీ నిజమే. ఆ దుకాణంలోకి నా చేతులు రావు. ఆయన చేతులు నాకు తెలుసు. అంగడి నుంచి ఇంటికి వస్తుంటే ఊరి పక్క గుట్ట మీది నల్ల రాళ్ళు ఎండకు మండుతున్నాయి. ఆ బండలకున్న బలం నాకు ఉంటే బాగుండునని ఏడ్చాను.

ఆయన మొదటి వారం తన ముంతను గడప పక్కన పారబోశాడట. జోడీవాళ్ళు నవ్వారట. "ఏందిరో, పాస్టరువైనవా? మాకు గూడ బోధ జెయ్యి. నువ్వు తాగవు, దుమ్మెట్ల దిగుతది, ప్రార్థనకు దిగుతదా?" రెండో వారం నవ్వు ఆగాలని ఒక గుక్క. మూడో వారం ఎన్ని ముంతలో నాకు తెలియలేదు. నాలుగో శనివారం జాలారు బండ మీద నాలుగో చెంబు పోశాను. నీళ్ళు తేటగా పారాయి. వీపు తేటపడలేదు.

నేను పీచు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆయన వెనక్కి తిరగలేదు.

"అవు" అన్నాడు. అంతే అన్నాడు.

మళ్ళీ అదే బస్సు, అదే వరండా, అదే అరుగు. డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టి ఈసారి నా చెయ్యి పట్టుకుంది, అందుకు నాకు ఇంకా భయం వేసింది. నలభై రోజులు. అందులో పది రోజులు ఆయనకు నేనెవరో తెలియదు. మా అత్త వచ్చి తలవైపు కూర్చుని, "నా పానం దీస్కో, నా పోరని ఇడిసిపెట్టు" అని పైకి చూసి కొట్లాడేది. నాకు ప్రార్థన కూడా రాలేదు. మాటలు మరిచిపోయాను. ప్రభువు నేర్పిన ప్రార్థనలో శోధన అన్న దగ్గరికి రాగానే ఆగిపోయేదాన్ని. అక్కడి నుంచి ముందుకు అత్త వెంట వచ్చిన రూతు చెప్పేది, నేను ఆమెన్ అనేదాన్ని.

అప్పుడొక మధ్యాహ్నం నర్సాగౌడు వచ్చాడు. గేటు దగ్గర చెప్పులు విడిచి, మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. ఎండిన పుల్లలాంటి ఆ కాళ్ళను, బిగిసిన ఆ కడుపును చూశాడు.

"దుకాణంల పోసిన ముంత గూడ నాదే గద చెల్లె" అన్నాడు. అంత పెద్ద మనిషి తలకు చుట్టిన రుమాలు తీసి అందులో ముఖం పెట్టుకున్నాడు. నేను అతన్ని ఓదార్చలేదు. నాకు ఓపిక లేదు. పక్కకు జరిగి చోటిచ్చాను. పొద్దు వాలేదాకా అట్లాగే కూర్చుని పోయాడు.

మా ఆయన ఎట్లా బతికాడో డాక్టరమ్మకే తెలియదు, నాకేం తెలుసు. ఎముకల గూడై ఇంటికి వచ్చాడు. ఇక పీపా పట్టే బలం లేదు. అరవై ఐదులో పసుపు దినాలకు మళ్ళీ ఆడవాళ్ళ పక్కన కొమ్ములు ఏరడానికి కూర్చున్నాడు. కాని దుకాణం అదే, సాయంత్రమైతే ముంతలు వచ్చేది ఆ వాకిట్లోకే. ఆ ఏడాది మగవాళ్ళు జాలిపడి ఆయనకు కూడా ఒక ముంత కేటాయించారు. వాళ్ళ మనసు మంచిదే. నేను మాత్రం రోజూ పొద్దు వాలేసరికి గడప దిక్కే చూసేదాన్ని.

ఒకనాడు ఆయన గడపలోకి వచ్చాడు. మీసాల మీద తెల్లటి నురగ.

నా చేతిలో రొట్టె పిండి ఉంది, ఆ చేత్తోనే ఆయన మెడ పట్టుకున్నాను. "మళ్ళ తాగినవా? సెప్పు! పిల్ల మీద ఒట్టు వేసి సెప్పు!"

"అరే, ఇడువే, మెడ ఇరుగుతది! వాసన సూడు ముందుగాల!"

చూశాను. పుల్లటి వాసన. అల్లం వాసన. కరివేపాకు.

"మజ్జిగనే" అన్నాడు. "నర్సన్న తెస్తుండు. నా ముంతల మజ్జిగ పోసి, అందరి ముంతల లెక్కనే మీద ఈతాకు మూత వెట్టి, వరుసల నాలుగోది పెడ్తడు. ఎవ్వలకు తెల్వది. అందరితోని కూసుంటున్న, అందరితోని తాగుతున్న. సీజను షురువైనప్పటి సంది గిదే నడుస్తున్నది."

"నాకెందుకు సెప్పలే?"

"సెప్తే వాడలందరికి సెప్తవు గద!"

నేను నేల మీద కూలబడి నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. నేను తన్నెయ్యమని అడిగిన చెంబు ఇది కాదు. నేను గడప దగ్గర ఆపిన మనిషే, నేను పోలేని చోటికి పోయి, మా ఆయన పక్కన పిడి పట్టుకుని నిలబడ్డాడు. అతను మా గుడికి వచ్చే మనిషి కాదు. నా ప్రార్థన అతని చెవిన పడలేదు. అయినా నేను అడిగిన చెయ్యి అతనిదే.

ఆయన అన్నదీ నిజమే, నేను చెప్పకుండా ఉండలేకపోయాను. వాడలో చెప్పలేదు, అయ్యగారి భార్యకు ఒక్కామెకే చెప్పాను. ఆమె విని, చేట పక్కన పెట్టింది. "మార్తమ్మా, కల్లు మోసే మనిషికి తట్టింది మాకు తట్టలేదు" అన్నది.

ఆ ఈస్టరుకు ముందు రోజు ఆమె కిస్మిస్ నానబెట్టి, మరిగించి, పలుచటి గుడ్డలో పిండింది. ఆ రసమే గిన్నెలో పోశారు. ఎందుకు మార్చారో అయ్యగారు ఎవరికీ చెప్పలేదు. ఒక్క మనిషి కోసం ఆ రోజు గుడి అంతా కిస్మిస్ రసం తాగింది. మా ఆయన వెనక వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు. అయ్యగారు గిన్నె పట్టుకుని, ఆయన దిక్కే చూస్తూ నిలబడ్డారు. నేను ఆయన మోచేతిని ముట్టాను. "పో" అన్నాను. లేచాడు. చేతులు వణికాయి, ఆ వణుకు ఇక పోదు. గిన్నె పెదవులకు తగిలినప్పుడు ఒకసారి ఆగి వాసన చూశాడు. తర్వాత తాగాడు. మూడేళ్ళ తర్వాత.

ఇప్పుడు అరవై ఎనిమిది. ఆయన బాగయ్యాడని నేను చెప్పను. కొమ్ములు ఏరడానికి పోతూ నాలుగడుగులకోసారి కూర్చుంటాడు, ఉప్పు తినడు, కొన్ని సాయంత్రాలు కారణం లేకుండా కోపం చేసి గోడ దిక్కు తిరుగుతాడు. అప్పుడు గొంతు అడుగుతున్నదని నాకు తెలుస్తుంది. నేను ఏమీ చెయ్యలేను. పక్కన కూర్చుని గాలిలో చేతులు పెట్టి, "వట్టిన" అంటాను. రేపు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. ఈ రోజు తాగలేదు, ఇంతవరకే మాకు తెలిసింది.

శనివారం వస్తే జాలారు బండ మీద కూర్చోబెట్టి ఇప్పటికీ నేనే నీళ్ళు పోస్తాను. మొదటి చెంబు పోసి వంగి చూస్తాను. నీళ్ళు పచ్చగా పారితే స్తోత్రం అంటాను, అది అంగడి పసుపు, పోయేది. చివరి చెంబు పోసి వీపు చూస్తాను. వీపు వీపు రంగులోనే ఉంటే మళ్ళీ స్తోత్రం అంటాను. "అయిందా నీ తనిఖీ?" అంటాడు. "ఈ వారానికి అయింది" అంటాను.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇంట్లోవాళ్ళ కళ్ళు పాలలాగా తెల్లగా ఉండుగాక. మీ చేతులు జాలితో ఇచ్చేది మీవాళ్ళకు మేలే చేయుగాక. మీ చేతులకు బలం చాలని రోజు మీ గడపకు కూడా ఒక నర్సన్న వచ్చుగాక, వచ్చినప్పుడు అతన్ని గుర్తుపట్టే కన్ను ప్రభువు మీకు ఇచ్చుగాక. లేచేటప్పుడు బట్టలు దులుపుకోండి. ఆ పసుపు పోతుంది.